ఎడమవైపు వాలిన కుట్టు

"బాబాయ్, ఆ సూది పక్కన పెట్టు! కంపెనీ షోరూంలో మొన్న బిల్లుతో కొన్న బ్యాగుని నేను నకిలీ అని సంతకం పెట్టి రాసిచ్చేశాను."

"ఎవరిదే?"

"లాయరుగారి భార్యది. రంగు నచ్చలేదని మన కొట్లో అమ్మడానికి తెచ్చింది. నేను అసలుది కాదన్నానని తిన్నగా షోరూంకే వెళ్ళింది. ఇప్పుడే ఫోన్. కంపెనీ మనిషి బయల్దేరాడట, మన అరలో ఉన్నవన్నీ చూస్తాడట."

"చూడనీ. చూస్తే అరిగిపోతాయా?"

"వేళాకోళం కాదు. ఈ వీధిలో వాడిన బ్యాగుల కొట్లు ఎన్ని పుట్టుకొచ్చాయి? కొత్తవి కొనేవాళ్ళు కూడా వీటికే ఎగబడుతున్నారు. అందరూ మన దగ్గరికే ఎందుకొస్తారు? 'ఆ పిల్ల చూసి చెప్పిందంటే అసలుదే' అని నా మీద నమ్మకంతో. ఆ మాట పోతే నాకింకేం మిగుల్తుంది?"

"పొరపాటైందని చెప్పు. డాక్టర్లకే అవుతుంది, మా భూతద్దం డాక్టరమ్మకి అవదా?"

"అవలేదు. పిడి దగ్గర చివరి నాలుగు కుట్లూ చూశాను. కుడివైపు వాలాయి. నువ్వేం నేర్పావు? అసలుదైతే ఎడమవైపు వాలుతుంది, దొంగసరుకు కుట్టేవాడికి ఆ గుట్టు తెలీదు. అన్నావా లేదా?"

"అన్నాను... అన్నానేమో. ఆ దారం ఇటివ్వు."

"దారం తర్వాత. షోరూంది కుడివైపు. మన అరలో ఉన్నవన్నీ ఎడమవైపు."

"పద్ధతి మార్చుంటారు. కంపెనీలకేం, రోజుకో పద్ధతి."

"వాళ్ళ అద్దాల బీరువాలో నలభై ఏళ్ళ నాటి బ్యాగుంది. లాయరుగారి భార్యే ఫొటో తీసి పంపింది. అదీ కుడివైపే."

"ఫొటోలో ఏం తెలుస్తుందే..."

"నా మొహం చూసి మాట్లాడు బాబాయ్. మన బ్యాగులు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి?"

"చెప్పాగా, ఇళ్ళకెళ్ళి కొంటున్నానని."

"ఏ ఇళ్ళు?"

"పెద్ద పెద్ద ఇళ్ళు."

"ఒక్క ఇంటి తలుపు ఏ రంగో చెప్పు."

"పోలీసువా నువ్వు?"

"కాదు, కాబోయే ముద్దాయిని. బ్యాగులు అమ్ముకుందామని మన కొట్టుకి వచ్చిన ఎంతమందిని దొంగల్లా చూసి పంపేశాను! ఒకావిడ ఆ గుమ్మంలోనే నిలబడి ఏడ్చింది. మా ఆయన కొనిచ్చిన ఆఖరి వస్తువమ్మా అని. తెలుసా?"

"తెలుసు. లోపల్నుంచి విన్నాను."

"విని?"

"ఆ పూట అన్నం తినలేదు."

"నువ్వు తినకపోతే ఆవిడకేమొరిగింది?"

"సరే, సరే. నువ్వు వెనక గుమ్మంలోంచి ఇంటికెళ్ళిపో. ఆయనతో నేను మాట్లాడుకుంటాను."

"పోను. రెండు తలుపులూ బార్లా తీసే ఉంచాను. ఇక్కడ కొన్న ప్రతి ఒక్కరికీ నేనే ఫోన్ చేస్తాను. అసలుదేనన్న ముద్ర నాది, సంతకం నాది, తిట్లూ నేనే తింటాను. కానీ గుడ్డిగా వెయ్యలేదు కదా! నువ్వు వాళ్ళ కార్ఖానాలో పని మానేసిన రోజు కంపెనీ నీకు బ్యాగు బహుమతిగా ఇచ్చిందే, దాన్ని ఆర్నెల్లు తడిమి తడిమి నేర్చుకున్నాను. ఆయన ముందు అదే పెడతాను."

"అది చూపించకు."

"ఎందుకు? నన్ను కాపాడేది అదొక్కటే."

"చూపించొద్దన్నానా!"

"కారాగింది బాబాయ్. ఆయనే. ఇవన్నీ ఎవరు కుట్టారని అడిగితే ఏం చెప్పను?"

"నువ్వేం చెప్పకు, తప్పుకో. రండి సార్, కూర్చోండి. ఈ పిల్ల మా అన్నయ్య కూతురు, దీనికేం తెలీదు. మీ కార్ఖానాలో ఇరవై రెండేళ్ళు కుట్టినవాణ్ణి నేను. నాది ఎడమచేతి వాటం. ఆ చేత్తో సూది పట్టినప్పుడల్లా మీ మేస్త్రీ వేళ్ళమీద కొట్టి, అంతా విప్పించి, కుడిచేత్తో మళ్ళీ కుట్టించేవాడు. మానేశాక ఇంట్లో నా చేత్తో నాకు నచ్చినట్టు కుట్టుకున్నాను. వాటిమీద మీ పేరు వేసి అమ్మాను, అది నేరమే, రాసుకోండి. కుట్టులో వంక ఉంటే మాత్రం ఇప్పుడే చూపించండి! అరలో ఉన్నవన్నీ నావే. మీరు బహుమతిగా ఇచ్చారని ఇంట్లో చెప్పుకున్నాను గానీ, ఆ రోజు మీరు నన్ను ఉత్త చేతుల్తోనే పంపారు సార్. అసలుదంటే ఇలా ఉంటుందని ఈ పిల్ల ఒళ్ళో పెట్టి నేర్పించిన ఆ బ్యాగు నేను కుట్టిన మొదటిది."