కూలి రాయని కొటేషను

కంప్యూటర్లు బాగుచేసే చిన్న కొట్టు. మధ్యాహ్నం. కొట్టు నడిపేవాడూ, అతని అక్క భర్త అయిన వడ్రంగీ మాట్లాడుకుంటున్నారు.

"చెప్పు. సరైన ధరేనా, కాదా? ఒక్క ముక్కలో చెప్పు."

"ఒక్క ముక్కలో ఎలా చెప్తాను బావా? ముందు కూర్చోండి. ఆ కుర్చీ వద్దు, కాలు ఊగుతోంది."

"నేను చేసిన కుర్చీ సంగతి నాకు చెప్తావేంట్రా? కాగితం చూడు."

"చూశాను."

"చూడలేదు. ఇందాకట్నుంచీ మొదటి పేజీ మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్నావు. తిప్పు."

"ఇది... ఇది మీకెక్కడ దొరికింది?"

"మీ అక్క కుట్టుమిషను సొరుగులో. గుండీ ఊడితే సూది కోసం చెయ్యి పెట్టా. దారపు ఉండల కింద నాలుగు మడతలు పెట్టి దాచింది. లక్షా ముప్పై అయిదు వేలురా! ఇన్నేళ్ళ కాపురంలో నాకు చెప్పకుండా చీపురు కూడా కొనలేదు మీ అక్క."

"ఇదీ కొనలేదుగా. ఊరికే ధర కనుక్కుని ఉంటుంది."

"ఊరికే కనుక్కున్న కాగితాన్ని దారాల కింద దాస్తారా? ఎవడో మాటకారి మీ అక్కని బుట్టలో వేశాడు. కొట్టు పేరు లేదు. ఫోను నంబరు లేదు. కింద సంతకం లేదు. దొంగ వెధవ."

"తెలియకుండా దొంగ అని ఎందుకు అనాలి?"

"ఏం, నీకు చుట్టమా?"

"అబ్బే, నాకెందుకు చుట్టం?"

"మరి? పొద్దున్నే నీ దగ్గరకి వద్దామనుకున్నా. మెట్లకి తెల్ల బద్దలు కొట్టి వచ్చేసరికి ఈ వేళయింది."

"ఎవరింట్లో పని?"

"మా ఇంట్లోనే. ప్రతి మెట్టు అంచుకీ ఒకటి."

"మీ ఇంటి మెట్లకి ఏమైంది? బాగానే ఉన్నాయిగా."

"పని లేక కొట్టాలే. నువ్వు మాట మార్చకు. చూడు, చెక్క అయితే వేలితో తట్టి చెప్పేస్తా, లోపల పుచ్చు ఉందా లేదా అని. ఈ డబ్బాల సంగతి నాకు తెలియదు. కానీ కొటేషను సంగతి తెలుసు. ముప్పై ఏళ్ళుగా రాస్తున్నా. ఎక్కడ పెంచుతారో, ఎక్కడ దాస్తారో నాకు తెలిసినంత నీకు తెలియదు. అందుకని ఇద్దరం కలిసి చూద్దాం. మొదట్నుంచి చెప్పు."

"సరే. ప్రాసెసరు, బోర్డు, ర్యామ్, డిస్కు, కరెంటు డబ్బా, పైన కేబినెట్టు. ఈ ఆరూ కలిపి నలభై అయిదు వేలు. ఇవి సరైన ధరలే బావా. బయట ఎక్కడ అడిగినా ఇంకో రెండు వేలు ఎక్కువే చెప్తారు."

"అంటే ఈ మహానుభావుడు చౌకగా ఇస్తున్నాడు."

"కొద్దిగా."

"ఎందుకిస్తాడు? మీ అక్క మొహం చూసి జాలిపడ్డాడా?"

"ఏమో బావా. వ్యాపారం లేక ఇచ్చి ఉంటాడు."

"నీకూ వ్యాపారం లేదుగా. నువ్విస్తావా?"

"నా సంగతి వదిలెయ్యండి బావా."

"వదిలేశా. సరే, ఇది చెప్పు. పది వరసలకి నాలుగు కాగితాలెందుకు? ఒక్కో అక్షరం నా బొటనవేలంత ఉంది. గోడకి అంటించడానికా?"

"ప్రింటరు సెట్టింగు తప్పు పడి ఉంటుంది. ఒక్కోసారి అలా లావుగా వచ్చేస్తాయి."

"నాలుగు పేజీలూ తప్పే పడ్డాయా?"

"ఒకసారి పడితే అన్నీ అలాగే పడతాయి."

"ఊఁ. తెర నలభై మూడు అంగుళాలట. మా ఇంటి తలుపు వెడల్పు. ముప్పై ఒక్క వేలు. లాయర్ల కాగితాలు టైపు చేసుకునే మనిషికి తలుపంత తెర ఎందుకురా? ఇన్నాళ్ళూ ఆ బుల్లిదాంతో చెయ్యలేదా?"

"రెండు కాగితాలు పక్కపక్కన పెట్టుకుని చూసుకోవచ్చు. పని తొందరగా అవుతుంది."

"అంటే సరైన ధరేనా?"

"ఆ సైజుకి సరైన ధరే."

"ఆ సైజు అవసరమా?"

"అవసరం అంటే... అందరికీ అవసరం లేదు."

"మీ అక్కకి?"

"అది నేనెలా చెప్పను బావా?"

"నువ్వు చెప్పకపోతే ఎవరు చెప్తారు? సరే పద. కీబోర్డు ఆరున్నర వేలు. నీ కొట్లో కీబోర్డు ఎంత?"

"ఆరువందలు."

"పదింతలు పైన!"

"ఇది వేరే రకం. కొంచెం పెద్దది. పసుపు రంగు కీలు, వాటి మీద నల్లటి అక్షరాలు లావుగా ఉంటాయి."

"మళ్ళీ లావు. ఒరేయ్, మీ అక్క ఏనాడైనా కీల వంక చూసి కొట్టడం చూశావా? నాతో పోట్లాడుతూ కొడుతుంది. కూరగాయలవాడితో బేరమాడుతూ కొడుతుంది. అక్షరాలు లావుగా ఉంటే ఏంటి, అసలు లేకపోతే ఏంటి?"

"అది... అది నేను ఆలోచించలేదు."

"నువ్వెందుకు ఆలోచిస్తావు? రాసినవాడు ఆలోచించాలి."

"అదే, రాసినవాడు ఆలోచించి ఉండడు అంటున్నా."

"తర్వాతది కెమెరా, దానికో స్టాండు. పద్నాలుగున్నర వేలు. దేనికి?"

"వీడియోలో మాట్లాడుకోవడానికి."

"బొమ్మ వేశాడు చూడు పక్కన. కెమెరా మెడ వంచుకుని కిందికి చూస్తోంది. కిందికి చూసే కెమెరా పెట్టుకుని ఎవరితో మాట్లాడుతుంది మీ అక్క? బల్లతోనా?"

"దాన్ని పైకి కూడా తిప్పుకోవచ్చు బావా."

"నీకు చెమటలు పడుతున్నాయి."

"ఫ్యాను సరిగ్గా తిరగట్లేదు."

"తిరుగుతోంది. చివరిది చదువు. నువ్వే చదువు, నాకు నోరు తిరగదు."

"చదివే సాఫ్ట్‌వేరు. ముప్పై ఎనిమిది వేలు."

"ఏం చదువుతుంది?"

"తెర మీద ఏముంటే అది. పైకి."

"మనిషిలాగా?"

"ఇంచుమించు మనిషిలాగానే."

"ఎందుకు? మీ అక్కకి చదువు రాదా? ఊళ్ళో లాయర్లందరి కోడిగీతలూ చదివి టైపు కొట్టే మనిషికి చదివిపెట్టడానికి ముప్పై ఎనిమిది వేలు పెట్టి ఇంకొకడిని పెడుతున్నాడా ఈ దొంగ? చెప్పరా. సరైన ధరేనా?"

"బావా, ఇది ఎవరికి కావాలో వాళ్ళకి సరైన ధరే. అక్కర్లేనివాళ్ళకి ఎంతైనా ఎక్కువే. ఇంతకంటే నన్నడక్కండి."

"అయితే అక్కర్లేనివన్నీ కొట్టేద్దాం. పెన్ను ఇలా ఇవ్వు."

"ఉండండి, ఫోను మోగుతోంది."

"ఎవరు?"

"అక్క."

"ఎత్తు. నేనిక్కడ ఉన్నానని చెప్పకు."

"స్పీకరులో పెట్టనా?"

"వద్దు. నీతో చెప్పుకునేది నేను వినకూడదు. నేను అటు తిరుగుతా, మాట్లాడు."

"హలో, అక్కా... ఆఁ... లేదు, కొట్లో ఎవరూ లేరు... ఏం కాగితం?... దారాల కింద పెట్టావా?... అడుగున కూడా తడిమి చూశావా?... సరే, సరే, కంగారుపడకు... పోతే పోయింది, ఇంకోటి తీసిస్తానుగా... లేదక్కా, బావ చూసి ఉండరు... చూసినా ఆయనకేం అర్థమవుతుంది?... నేను చెప్పను. చెప్పనని మాటిచ్చానుగా... ఏడవకు, నువ్వు ఏడిస్తే డాక్టరు... సరే. సాయంత్రం వస్తా. సరే."

"అయిందా?"

"అయింది."

"ఇంకోటి తీసిస్తావా? అయితే ఆ దొంగ వెధవవి నువ్వేనన్నమాట."

"బావా, నేను..."

"పెన్ను ఇవ్వమన్నా. తెర కొట్టేస్తున్నా. చదివేది కొట్టేస్తున్నా. కెమెరా..."

"కొట్టెయ్యకండి బావా! మీ కాళ్ళు పట్టుకుంటా. వాటిని కొట్టేస్తే ఇక మిగిలేది డబ్బా ఒక్కటే. దాంతో అక్కకి పని జరగదు."

"ఎందుకు జరగదు?"

"చెప్పనని ఒట్టేశాను."

"నేను వేయించలేదుగా ఆ ఒట్టు. చెప్పు."

"అక్కకి కళ్ళు పోతున్నాయి. నడిమధ్యలో మసక. మనిషి పక్కలు కనిపిస్తాయట, మొహం కనిపించదట. ముగ్గురు డాక్టర్లకి చూపించాం. కొంచెం ఆలస్యం చెయ్యగలం, ఆపలేం అన్నారు. లాయర్ల చేతిరాత ఇప్పుడే కనిపించట్లేదు. ఆ కెమెరా కింద కాగితం పెడితే తెర మీద ఇంతింత అక్షరాలుగా కనిపిస్తుంది. అందుకే తెర. అందుకే అన్నీ. బావా? ఏదైనా అనండి. తిట్టండి పోనీ."

"నీకెప్పుడు చెప్పింది?"

"నాలుగు నెలలైంది. ఇదే కుర్చీలో కూర్చుని చెప్పింది. మీకు చెప్పద్దంది."

"ఎందుకట?"

"మీకు తెలిస్తే పని మానిపించేస్తారట. ఇంట్లో కూర్చోబెట్టి మంచినీళ్ళు కూడా చేతికే అందిస్తారట. అప్పుడు నిజంగానే గుడ్డిదాన్నైపోతానంది."

"నిజమే. అదే చేసేవాణ్ణి."

"నీళ్ళు తాగండి బావా."

"వద్దు. ఈ తెర ఎన్నాళ్ళు పనికొస్తుంది?"

"మంచి కంపెనీదే. ఏడెనిమిదేళ్ళు..."

"తెర సంగతి కాదు నేనడిగేది."

"రెండేళ్ళన్నారు. మూడు కూడా రావచ్చన్నారు. ఆ తర్వాత తెరతో పని ఉండదు. చదివేది మాత్రం ఉంటుంది."

"రెండేళ్ళకి ముప్పై ఒక్క వేలు."

"అవును."

"సరైన ధరేనా?"

"నన్నేం చెప్పమంటారు బావా? రోజూ పది మందికి ధరలు చెప్పే నోరే ఇది. దీనికి మాత్రం రావట్లేదు."

"సరైన ధరే. ఉంచు. కెమెరా ఉంచు, చదివేది ఉంచు. కీబోర్డు ఒక్కటి తీసెయ్యి. ఆ వేళ్ళకి కళ్ళతో పని లేదు."

"సరే."

"ఆ ఆరున్నర వేలూ నీ కూలి కింద వేసుకో."

"అక్క దగ్గర కూలి తీసుకుంటానా?"

"తీసుకోవని తెలుసు. ఇందులో అన్నీ రాశావు, కెమెరా స్టాండుతో సహా. బిగించడానికి కూలి ఎంతో ఎక్కడా రాయలేదు. ఏ వ్యాపారస్తుడూ కూలి మర్చిపోడురా. నా జన్మలో నేను కూలి రాయనిది ఒక్కటే, నీ పెళ్ళికి చేసిన మంచం. కూలి రాయలేదంటే కొటేషను రాసింది మన ఇంటివాడే. అది చూసే నీ దగ్గరకొచ్చా."

"అంటే రాసింది నేనేనని తెలిసే..."

"తెలిసే."

"మరి గంటసేపు నన్ను అన్నేసి మాటలన్నారు! దొంగ అన్నారు, వెధవ అన్నారు. తిన్నగా నన్నడగచ్చుగా బావా?"

"అడిగితే ఏం చెప్తావు? ఆవిడ నీకు నిజం చెప్పి రాయించిందో, నీక్కూడా ఏదో అబద్ధం చెప్పి రాయించిందో నాకెలా తెలుస్తుంది? అటూ ఇటూ తిప్పి నీ నోట్లోంచే రావాలని చూశా."

"ఏ నిజం? బావా, మీకు..."

"కాగితం ఇలా ఇవ్వు. మడతలు పాతవే ఉండాలి, కొత్తవి వెయ్యకు."

"మీకు ముందే తెలుసా?"

"మెట్లకి బద్దలు ఊరికే కొట్టాననుకున్నావా? బల్లల మూలలన్నీ గుండ్రంగా చెక్కింది నాకు పని లేకనా? ఏడాది దాటింది. ఉప్పు డబ్బా ఒక బెత్తెడు జరిగితే మళ్ళీ జరిపి పెడతా. టీలో ఉప్పు పడినా తాగేస్తా. ఏనాడూ ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. నా బాధల్లా ఒకటేరా. రాత్రింబవళ్ళు ఒక్కతే మోస్తోందేమోనని. నీకైనా చెప్పుకుంది. చాలు."

"ఇప్పుడేం చేద్దాం బావా?"

"ఏం చేస్తాం? ఏం చెయ్యలేం. నువ్వు డబ్బా బిగించు. నేను దానికి బల్ల చేస్తా, పాతది ఊగుతోందని చెప్తాలే. నేనిక్కడికి రాలేదు, నీకేం తెలియదు."

"వెళ్తున్నారా? ఇంకాసేపు కూర్చోండి. ఈ మొహంతో వెళ్తే అక్క..."

"ఆవిడకి నా మొహం కనిపించదుగా. నన్ను పోనియ్యి, ఆలస్యం చెయ్యకూడదు. ఆవిడ ఇంకా ఆ సొరుగు తడుముతూనే ఉంటుంది. కాగితం సొరుగు వెనక్కి జారిపోయినట్టు పెట్టెయ్యాలి, అంచు కొంచెం పైకి ఉండేలా. చేతికి తగలాలిగా."