గేటు చెట్టు ఎడమ కొమ్మ

సభాధ్యక్షులు డైరెక్టరు గారికి, ముందు వరసలో కూర్చుని నన్ను అప్పుడే అనుమానంగా చూస్తున్న వదినగారికి, టిఫిను పెట్టేదాకా కదలరని నాకు గట్టి నమ్మకమున్న తోటి పనివాళ్లకి నమస్కారం.

మా అంటు మేస్త్రీ గారు ఇవాళ రిటైరయ్యారు. పీచ్ కొమ్మ మీద జానెడుకొక పిందె ఉంచి మిగతావన్నీ గిల్లెయ్యమని ముప్పై ఏళ్లు మా ప్రాణాలు తోడారు కాబట్టి, చాటున ఆయన్ని జానెడు మేస్త్రీ అంటాం. ముఖం మీద అనడం ఇదే మొదలు. (నవ్వులు)

ఆయన పదకొండేళ్లు కూర్చుని గింజ నుంచి ఒక పీచ్ రకం తీశారు. మిగతావాటికన్నా పది రోజులు ఆలస్యంగా పూస్తుంది, అందుకని చివరి చలికి పూత మాడదు. తెల్లటి కండ, పండుని మెలిపెడితే టెంక ఊడి చేతిలోకొస్తుంది. లోపం ఒకటే, తొక్క పల్చన; లారీ ఎక్కిన పండు దిగేసరికి గుజ్జు. నాలుగేళ్ల కిందట ఆ వరస మొత్తం పీకెయ్యమని కాగితం వచ్చింది. సంతకం ఎవరిదో చెప్పను, వేదిక మీదే ఉన్నారు. (నవ్వులు) మేస్త్రీ గారు దగ్గరుండి ఒక్కో చెట్టూ పీకించారు. ఆ పూట ఇంట్లో అన్నం ముట్టలేదని ఆయన ఇల్లాలు, మా వదినగారే చెప్పారు.

పీకే ముందురోజు నేను ఆ చెట్ల పుల్లలు రెండు కోసి, తడిగుడ్డలో చుట్టి, క్యారేజీలో దాచాను. గేటు దగ్గరి పీచ్ చెట్టు ఎడమ కొమ్మకి వాటి కణుపుల్లోని చిగురు కళ్లు అంటుకట్టాను. "నీ చేతి అంటు బతకదురా" అనేవారు ఈయన. ఎనిమిది కళ్లలో ఏడు చచ్చాయి. ఎనిమిదోది బతికింది.

అప్పట్నుంచి ఆ కొమ్మ ఆలస్యంగా పూస్తోంది, ఏదో తెగులు, కొట్టెయ్యమని ఏటా ఈయన అనడం, నాకు చెవుడు రావడం. నిజం చెబితే కాగితం చేత్తో పట్టుకుని తనే రంపం తెచ్చే మనిషి. అందుకే ఆ కొమ్మ పిందెలన్నీ ఈయన కంటపడకముందే గిల్లేశాను. ఈసారి ఒక్కటి ఉంచాను. ఇదిగో పండు. మేస్త్రీ గారూ, అప్పట్లో పోయిందని మీరు తోటంతా వెతికించిన మీ అంటు చాకు కూడా ఇదిగో. దొంగని నేనే.

(మేస్త్రీ గారు పండు అందుకున్నారు)

మెలిపెట్టారు. టెంక ఊడింది. సగం అధ్యక్షుల వారికిచ్చారు, వారు నోట్లో వేసుకున్నారు; ఇక దీని మీద కాగితం రాయడం కష్టం సార్. (నవ్వులు)

"ఇంకెన్ని కళ్లున్నాయిరా దానికి?" అంటున్నారు మేస్త్రీ గారు. లెక్కపెట్టలేదండి, రేపు పొద్దున మీరే వచ్చి చూసుకోండి. అంటు కూడా మీరే కట్టాలి, నా చేతి సంగతి తెలుసు కదా. ఓపిగ్గా విన్న అందరికీ కృతజ్ఞతలు. ఆయన అప్పుడే లేచి గేటు వైపు చూస్తున్నారు కాబట్టి నాకు సెలవు.