నీ చేతిలోంచి లాక్కున్న రంగు గన్ను

అలా గోడవైపు తిరిగి పడుకుంటే ఎలా బావా? అన్నం చల్లారిపోతోంది. తిట్టాలనుంటే తిట్టు. మొగుడివి, నువ్వు కాక నన్నెవరు తిడతారు? ఈ మౌనం మాత్రం నా వల్ల కాదు బాబూ!

సరదాకి లాక్కున్నానా ఆ గన్ను? నువ్వే చెప్పు. నీ కుడిచెయ్యి వణకడం మొదలైనప్పుడు "ఎవరికీ తెలియకూడదే" అన్నదెవరు? సరేనన్నాను. అప్పట్నుంచీ మన షెడ్డు షట్టర్ దించుకుని ఇంజన్లకి రంగు కొడుతున్నది నేనే కదా. కలిపేది నువ్వు. పక్కన నిలబడి "ఇంకాస్త దూరం, ఇంకాస్త పల్చగా" అని సణిగేది నువ్వు. పేరూ నీదే. "మాస్టారి చెయ్యి పడితే తుప్పు పట్టిన ఇంజన్ కూడా పెళ్లికొడుకైపోతుంది" అని వచ్చినవాళ్లంతా మెచ్చుకుంటుంటే, టీ కప్పులు అందిస్తూ నవ్వి ఊరుకున్నాను. ఎప్పుడైనా నోరు జారానా?

లేదుగా! మరి ఇవాళ నువ్వు చేసిందేమిటి?

పాతకార్లు పోగుచేసే ఆ పెద్దమనిషి స్నేహితుల్ని వెంటేసుకుని ఊడిపడ్డాడు. వాళ్ల తాతగారి కారట, ప్రదర్శనకి పెడుతున్నాడట. "మాస్టారూ, ఇంజన్ మూతకి ఆఖరి పూత మీరు వేస్తుంటే కళ్లారా చూడాలి" అన్నాడు. గన్నుకి గాలి పంపే కంప్రెసర్ మొరాయిస్తోంది, రేపు రండి అన్నాను. నీకు కళ్లతో సైగ కూడా చేశాను.

నువ్వేమన్నావు? "కంప్రెసర్‌కేం, భేషుగ్గా ఉంది!"

ఎందుకన్నావలా? ఒక్క పూట చెయ్యి నీ మాట వింటుందనుకున్నావా?

మొదట బాగానే సాగింది, కాదన్ను. ఆ ఎరుపు ఒక్క తీరుగా పరుచుకుంటుంటే, అమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. ఇంతలో చెయ్యి ఎగిరింది. రంగంతా ఒక్కచోటే పడి కిందికి కారింది. పల్చగా పడాల్సిన రంగది. అంత మందంగా పడితే ఇంజన్ వేడెక్కగానే పొక్కులు లేచి ఊడిపోతుందని నీకు తెలుసు, నాకు తెలుసు. వాళ్లకేం తెలుసు? అదీ ఓ పనితనమే కాబోలని తలలూపారు.

అక్కడితో ఆపాల్సింది. ఆపావా? మళ్లీ నొక్కావు. గన్ను మూతి వెళ్లి ఇనుముకి టక్కున తగిలింది. అప్పుడు చూశారు బావా, అందరూ. రంగుని కాదు, నీ చేతిని.

లాక్కున్నాను. అవును, లాక్కున్నాను!

కారిన రంగంతా గుడ్డతో తుడిచి, ఆ భాగం మళ్లీ రుద్ది, మొదట్నుంచీ కొట్టాను. అయిపోయేసరికి అద్దంలా మెరుస్తోంది. "అమ్మా, ఇన్నాళ్లూ మీరేనా?" అన్నాడా పెద్దమనిషి. నువ్వు చెయ్యి జేబులో పెట్టుకుని లోపలికి వచ్చేశావు.

"అంతా ఆయన నేర్పిందేనండీ" అన్నాను. గట్టిగానే అన్నాను, వినపడలేదా? ప్రదర్శనకి ఇద్దర్నీ రమ్మన్నాడు. చూసింది మాత్రం నా వైపే.

ఏమిటా నిట్టూర్పు? నీ పరువు కాపాడడానికే లాక్కున్నానని చెప్పొచ్చు. రేపు ఎవరడిగినా అదే చెప్తాను. నువ్వూ అదే నమ్మితే ఎంత బావుణ్ణో!

నమ్మవు. లోపలికొస్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూశావే, ఆ చూపులోనే తెలిసిపోయింది నాకు.

గన్ను చేతిలో ఉన్నంతసేపూ నీ మొహం చూడలేదు బావా. వాళ్ల మొహాలు చూశాను. మాస్కు పక్కనే ఉంది, కట్టుకోలేదు. ఆ రంగు ఘాటుకి ఇప్పటికీ గొంతు మండుతోంది. అయినా కట్టుకోలేదు. నా మొహం వాళ్లకి కనపడాలి కదా మరి!

సంతోషం వేసింది. నువ్వక్కడ చెయ్యి దాచుకోడానికి చోటు వెతుక్కుంటుంటే, నాకిక్కడ ఒళ్లంతా సంతోషం. ఏం చెయ్యమంటావు? రాకూడని సంతోషమే. వచ్చింది.