గుర్తులు చెరిగిన నాలుగు వందల పన్నెండు రాళ్లు

1992 జులై ఆరో తేదీ, సోమవారం నాడు మా శిలా పరిశోధన కార్యాలయంలో సహాయ శాస్త్రవేత్తగా బాధ్యతలు స్వీకరించిన మా మేడమ్ గారు, ముప్పయి మూడేళ్ల నిరుపమాన సేవానంతరం ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. వీడ్కోలు సంచిక సంఘంవారు నాతో, "నాలుగు మంచి మాటలు రాయండి సార్, పాతవి తవ్వకండి" అన్నారు. జీవితమంతా తవ్విన మనిషి గురించి తవ్వకుండా ఏం రాయను?

తొలి పదేళ్లూ ఆమె ఒకే లోయను పట్టుకుని నడిచారు. నేల సాగి, చీలి, ఆ చీలికల గుండా ఉబికిన లావా గడ్డకట్టి నల్లరాయి అయిన చోటు అది. అటువంటి రాయి చల్లారేటప్పుడు ఆనాటి భూమి అయస్కాంత దిశను తనలో నిలుపుకుంటుంది. కొండలో అది ఏ దిక్కుగా ఉండేదో తెలిస్తేనే, ఆ తరువాత నేల ఎటు ఒరిగిందో చెప్పగలం. అందుకే ప్రతి రాయినీ పెకలించే ముందే దిక్సూచి పెట్టి, ఉత్తరపు బాణాన్నీ అంకెనూ తెల్లరంగుతో దానిపై గీసేవారు. అలా నాలుగు వందల పన్నెండు రాళ్లు మోసుకొచ్చి, లోయ అంచులు ఎలా విడిపోయాయో చెప్పే నివేదికకు శ్రీకారం చుట్టారు. మేమేమో వెనకాల 'రాళ్లక్కయ్య' అని నవ్వుకున్నాం.

పోయిన ఏడాది పెద్దలెవరో తనిఖీకి వస్తున్నారని, నమూనాల గదిని శుభ్రం చేయించమని డైరెక్టరు గారు సెలవిచ్చారు. ఆహా, ఏం శుభ్రం! ఇనుప బ్రష్షులతో, ద్రావకంతో ప్రతి రాయినీ తళతళలాడేలా తోమించి, వాకిట్లో పూలమొక్కల చుట్టూ సైజువారీగా పేర్పించారు. ఒక్క బాణం మిగల్లేదు. కంచే చేను మేయడమంటే ఇదే. ఆ ఉత్తర్వు కింద స్టోర్సు అధికారిగా సంతకం నాది, చదవకుండా పెట్టాను. ఒళ్లు మండిపోతోంది, ముందు నా మీదే.

"రాయి రాయేగదమ్మా, ఒక్కటీ పోలేదు, లెక్క సరిగ్గా ఉంది" అన్నారు డైరెక్టరు గారు.

"ఆస్పత్రిలో పసిపిల్లల చేతి పట్టీలన్నీ పీకేసి, పిల్లలంతా ఉన్నారుగా, లెక్క సరిపోయిందిగా అంటారా సార్?" అన్నారు మేడమ్.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, ఇన్నేళ్లకు పూర్తిచేసి ఆమె పైకి పంపిన నివేదిక మరుసటి నెలలోనే "ఆధారాలు లేవు" అన్న ముక్కతో తిరిగొచ్చింది. లేకుండా చేసింది ఎవరండీ?

నాటి నుంచి ప్రతి సెలవుకూ ఆమె ఆ లోయకే వెళుతున్నారు. పాత నోటుపుస్తకం చూసి, తన సుత్తి దెబ్బల మచ్చలను వెతికి, వాటి పక్కనే మళ్లీ బాణం గీసి మళ్లీ రాయి పెకలిస్తున్నారు. భర్తగారు కొండ కింద టీ ఫ్లాస్కుతో కూర్చుని, "దిగిరావే, అవి నీ మోకాళ్లా, అద్దెకు తెచ్చుకున్నవా?" అని కేకలేస్తారట. ఇప్పటికి నూట డెబ్బయి రాళ్లయ్యాయి.

ఇంత చేసినా మా కార్యాలయానికి బుద్ధి వచ్చిందా? విరమణలోగా దిక్సూచి, సుత్తి అప్పగించాలని ఆమెకు తాఖీదు పంపింది! పుచ్చుకోవలసినవాణ్ణి నేను. పుచ్చుకోను. రిజిస్టరులో "పని పూర్తి కాలేదు" అని రాసి, ఈసారి చదివే సంతకం పెట్టాను. నా మీద ఏ చర్య తీసుకుంటారో తీసుకోండి.

మేడమ్ గారు మోకాళ్లతో సహా సంపూర్ణ ఆరోగ్యంతో నిండు నూరేళ్లు వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాను. ఇంకా రెండు వందల నలభై రెండు రాళ్లున్నాయి. సోమవారం నుంచి నాకు నెల రోజుల సెలవు. అక్కయ్యా, సంచి నేను మోస్తాను.