సీతారావమ్మ గేదెకి తగిలిన దిష్టి

గురవమ్మ కథ చిన్నది. నోట్లో వక్క నానేలోపు అయిపోయిద్ది, కావాలంటే చూసుకోండి. మనిషీ చిన్నదే, నిలబడితే మన రంగనాయకులు మావ భుజం దాకా వచ్చిద్ది, అదీ మావ కూర్చున్నప్పుడు. మావా, నువ్వా గోడకి ఆనుకోమాక. ఆనుకుంటే నిద్రపోతావు, నిద్రపోయినోడివి పొద్దున్నే లేచి కథ బాగాలేదని ఊరంతా చెప్తావు. ఏం చెప్తున్నా? ఆఁ, గురవమ్మ. మొగుడు పోయి పాతికేళ్ళు, పిల్లాజెల్లా లేరు, ఆమెకున్న పనల్లా పసిబిడ్డలకి నీళ్ళు పొయ్యటం. మెరకపాలెంలో ఎవరింట పురుడైనా మూడోనెల దాకా ఆమే పోవాల. పీట మీద కూర్చుని, కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద పడుకోబెట్టి, నువ్వులనూనె పట్టించి, నలుగుపిండి రుద్ది, వేణ్ణీళ్ళు పోసి, ముక్కు సాగదీసి, తల గుండ్రంగా ఒత్తి, సాంబ్రాణి పొగేసి తల్లి ఒళ్ళో పెట్టిందంటే ఆ బిడ్డ పొద్దుగూకేదాకా లెయ్యదంట. ఈ ఊళ్ళో ముక్కు తిన్నగా ఉన్నోళ్ళంతా ఆమె చేతుల్లో పడ్డోళ్ళే. వంకర ముక్కులోళ్ళు పుట్టినప్పుడు ఆమె పుట్టింటికి పోయుండిద్ది. నీ సంగతి కాదు సాంబయ్యా, నువ్వు ముక్కు తడుముకోమాక. ఆమెకి ఇల్లు గడిచేదీ ఆ పనితోనే, పొద్దు గడిచేదీ ఆ పనితోనే.

ఆమె పక్కిల్లు సీతారావమ్మది. సీతారావమ్మ చెడ్డదని నేననను. ఆమె దగ్గర ఏదున్నా అది ఊళ్ళో అందరిదానికన్నా పెద్దదై ఉండాల, అంతే. జలుబు చేసినా ఆమెకి చేసినంత జలుబు ఇంకొకరికి చెయ్యలా. ఆ ఏడు వానలు పడగానే మిరపమొక్కలు పెడదామని బుద్ధి పుట్టి, బస్సెక్కి రోడ్డు మీద నర్సరీకి పోయింది. మనది వరి ఊరు కదా, మిరప సంగతి మనకేం తెలుసు, ఏడాదికోసారి కొనుక్కుని కొట్టించుకోవటమే. అక్కడ మొక్కలన్నీ ఒకే తీరుగా ఉన్నయ్యంట. పక్కన ప్లాస్టిక్ పుల్లలు గుచ్చి వాటి మీద రాశారు. ఒకదాని మీద 'మిర్చి' అని. ఒకదాని మీద 'మిర్చి హాట్' అని. ఇంకోదాని మీద 'మిర్చి వెరీ హాట్' అని. అంతే, ఏ రకమో పేరూ లేదు, ఊరూ లేదు. సీతారావమ్మ మూడోది పట్టుకుంది. వెరీ ఉన్నది ఎదురుగా పెట్టుకుని ఉత్త హాట్ తెచ్చుకునే మనిషా ఆమె? పది మొక్కలు తెచ్చి పెరట్లో నాటింది. కాసినయ్యి. జానెడు పొడుగు, పండితే నల్లెరుపు, చూట్టానికి బ్రహ్మాండంగా ఉన్నయ్యి. ఎండబెట్టి డబ్బాలకెత్తి, ఒక్క కాయేస్తే కుండెడు పులుసు మండిపోయిద్దని వీధి వీధంతా చెప్పింది. ఆ ఇంట్లో పులుసేమో చప్పగా ఉంటంది. దానికి ఆమె చెప్పిన కారణం కోడలు. "మా పావని చేతికి కారం ఎక్కదమ్మా, చేతి గుణం అట్టాంటిది" అని వచ్చినోళ్ళందరికీ చెప్పుకునేది. పావని నిండు నెలల పిల్ల, మారు మాటాడదు. తల్లి లేదు కాబట్టి పురుడు అత్తగారింట్లోనే అనుకున్నారు, నీళ్ళు పొయ్యటానికి గురవమ్మకి ముందే చెప్పిపెట్టారు. గురవమ్మ పెసలూ బావంచాలూ కచ్చూరాలూ ఎండబెట్టి, నలుగుపిండి కొట్టుకుని సిద్ధంగా ఉంచుకుంది.

ఇట్టా ఉండగా ఏమైందంటే, సీతారావమ్మ గేదె ఉంది, అది ఈని మూడు నెలలు. ఒకాదివారం మిట్టమధ్యాహ్నం గురవమ్మ గోడ మీదుగా చూసి, "సీతారావమ్మా, పొదుగు నిండు బిందెలా ఉందే" అనింది. మంచి మాటే. కానీ ఆదివారం పూట మంచి మాట అనకూడదని ఆమెకి తెలియదా? తెలుసు, నోరు ఊరుకోలా. ఆ సాయంత్రం గేదె సగం పాలిచ్చింది. మర్నాడు పొద్దున అదీ లేదు, చెంబు కింద పెట్టగానే తన్నింది. ఇంకేముంది, సీతారావమ్మ కల్లుప్పూ ఏడు ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి, గేదె చుట్టూ మూడుసార్లు తిప్పి, ఇరుగోళ్ళ కన్నూ పొరుగోళ్ళ కన్నూ అంటా తూతూమని ఉమ్మి, పొయ్యిలో వేసింది. మీకు తెలిసిందేగా, దిష్టి లేకపోతే మిరపకాయలు కాలే కోరుకి ఇంటిల్లిపాదీ దగ్గి చస్తారు. తగిలుంటే ఆ కోరంతా దిష్టితో పోయిద్ది, వాసనే రాదు. వీధిలో ఆడాళ్ళు కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకుని నిలబడ్డారంట. ఉప్పు చిటపటలాడింది, కాయలు కాలినయ్యి, ఒక్కళ్ళకీ దగ్గు రాలా. పధ్నాలుగు వేసింది. రాలా. ఇరవై ఒకటి వేసింది. రంగనాయకులు మావ వచ్చి పొయ్యిలోకి తొంగి చూసి కావాలని దగ్గబోయాడంట, అదీ రాలా. "ఇంత దిష్టి నేను పుట్టి ఎరగను" అనింది సీతారావమ్మ. ఆ మాటలో ఏడుపు ఎంతుందో గొప్పా అంతే ఉంది, అది మాత్రం మీరు గుర్తుపెట్టుకోండి. ఎవరి దిష్టని ఎవరూ అడగలా. అందరూ గోడవైపు చూశారు.

మంగళవారం గురవమ్మ నీళ్ళు పొయ్యటానికి పోతే, మొదటింట్లో బిడ్డకి జలుబన్నారు. రెండో ఇంట్లో మా పెద్దమ్మ వచ్చింది, ఆమే పోసిద్దన్నారు. ఆ పెద్దమ్మకి రెండు చేతులూ వాతం, చెంబెత్తలేదు, ఊరందరికీ తెలుసు. మూడో ఇంట్లో ఆమెని చూసి బిడ్డ మొహం మీదకి కొంగు లాక్కున్నారు. ఆ బిడ్డ తల్లి పసిబిడ్డగా ఉన్నప్పుడు నీళ్ళు పోసింది కూడా గురవమ్మే. ఇంటికొచ్చేసరికి సీతారావమ్మ గోడ అవతల నుంచి, మొహం ఇటు తిప్పకుండా, మా పిల్ల పురుటికి పొరుగూరి మనిషిని మాట్లాడామని చెప్పింది. గురవమ్మ లోపలికి పోయి అద్దంలో కళ్ళు చూసుకుందంట. ఎప్పుడూ ఉండేట్టే ఉన్నయ్యి. ఎడం కంట్లో పొర కూడా ఉంది. ఆ కళ్ళకి పక్కింటి గేదె పొదుగు కనపడటమే గొప్ప, దానికి దిష్టి కూడానా అనుకుంది. కానీ అనుకుని ఏం లాభం? పసిబిడ్డల పని చేసే మనిషికి పాడుకన్నని పేరొచ్చిందంటే, దొంగని పేరొచ్చినోడు తాళాలు బాగుచేస్తానన్నట్టే.

ఆ సాయంత్రం అత్త గుడికి పోయిందాకా చూసి పావని గోడ దగ్గరకొచ్చింది. "పిన్నీ, నీకో మాట చెప్తా, నేను చెప్పానని అనమాక. ఆ కాయలు పులుసులో పదిహేను వేసినా కారం ఎక్కటంలా. నిన్న ఒకటి ఉత్తదే నమిలి చూశా, నాలుక మీద బెల్లం పెట్టుకున్నట్టే ఉంది" అని, ఐదు కాయలు కాగితంలో చుట్టి ఇచ్చింది. మరి మూడు నెలల్నుంచి ఎందుకు చెప్పలేదే అని గురవమ్మ అడిగింది. "చెప్తే నా నాలుక గుణం కూడా అట్టాంటిదేననేది" అనిందంట పావని. గురవమ్మ ఆ కాయలు కొంగున ముడేసుకుని, పొద్దున్నే మొదటి బస్సుకి నర్సరీకి పోయింది. నర్సరీ అతను, పేరు బుల్లబ్బాయి, మనిషి మంచోడే, అబద్ధం చెప్పడు, నిజం తెలియదు. ఈ కాయ ఏ రకం నాయనా అని ఆమె అడిగితే మిర్చమ్మా అన్నాడు. మిర్చేలే, ఏ మిర్చి అంటే, ఏ పుల్ల ఉన్న చోట తీసుకున్నారో అదేనన్నాడు. వెరీ హాటు దగ్గర తీసుకున్నారంటే, అయితే వెరీ హాటేనన్నాడు. కాదు, చప్పగా ఉందంటే, పుల్లలు గాలికి పడిపోతయ్యి, నీళ్ళు కొట్టేటప్పుడు పడిపోతయ్యి, మళ్ళీ కనపడ్డ చోట గుచ్చుతామన్నాడు. మరట్టాంటప్పుడు పుల్లలెందుకయ్యా అని ఆమె అడిగింది. "పుల్ల మొక్క కోసం కాదు పిన్నిగారూ, కొనేవాళ్ళ కోసం. పుల్ల లేకపోతే కొనరు" అన్నాడు. ఆ మాట ఆమెకి సబబుగానే తోచింది. కానీ దాంతో గేదె దిష్టి తేలదుగా.

గురువారం నాడు మస్తాన్ సాయిబు వచ్చాడు. శివరాత్రి పోయాక ఏటా పల్నాడు నుంచి ట్రాలీ ఆటోలో ఎండుమిరపకాయల బస్తాలేసుకుని వస్తాడు చూడండి, ఆయనే. మిరప చేలో పుట్టి మిరప కళ్ళంలో పెరిగిన మనిషి, కాయని చూసి ఏ నేలదో చెప్తాడు. ఆటో ఆగిందంటే ఊళ్ళో ఆడాళ్ళంతా అక్కడే. ఆ రోజు మిరపకాయ గురించి ఏమీ తెలియనివాళ్ళు కూడా తొడిమ తిప్పి చూసి పెదవి విరుస్తారు, బేరానికి అది అవసరం. సీతారావమ్మ కూడా వచ్చింది, కొనటానిక్కాదు, మా ఇంట్లో పండినయ్యని చెప్పటానికి. అందరూ ఉండగా గురవమ్మ కొంగు ముడి విప్పి ఆ ఐదు కాయలూ సాయిబు చేతిలో పెట్టింది. ఆయన ఒకటి తీసుకుని ఎండకి పట్టుకున్నాడు. ఒళ్ళంతా ముడతలు చూశాడు, తొడిమ దగ్గర నలిపాడు, విరిచి గింజలు దులిపాడు, వేలికంటిన రంగు చూసుకున్నాడు. ఆ తర్వాత జంతిక తిన్నట్టు కాయంతా నమిలేశాడు. ఆడాళ్ళంతా ఆయన మొహమే చూస్తా ఉన్నారు. నీళ్ళు అడగలా, ముక్కు ఎగబీల్చలా. "ఇది కన్నడం వైపు ముడతకాయమ్మా. కూరకి రంగొచ్చిద్ది, కారం రాదు. రంగు కోసమే వేస్తారు" అన్నాడు. సీతారావమ్మ ఊరుకోలా, వెరీ హాటని పుల్ల మీద రాసుందని చెప్పింది. ఎప్పుడు రాసుంది, మొక్కగా ఉన్నప్పుడా అని అడిగాడు. అవునంది. "నారుని చూసి కాయ కారం చెప్పేవాడు దేవుడన్నా అయ్యుండాల, నర్సరీవాడన్నా అయ్యుండాల" అని ఇంకో కాయ నోట్లో వేసుకున్నాడు.

అప్పుడు గురవమ్మ ఆటోలో బస్తా చూపించి, ఇది ఏ రకం సాయిబూ అనింది. సన్నకాయ, వేలెడు కూడా లేదు, నున్నగా సూదిలా ఉంది, ముట్టుకుని కళ్ళు తుడుచుకోమాకండి అని చెప్పాడాయన. గురవమ్మ ఏడు కాయలు తీసుకుని సీతారావమ్మ ముందు చెయ్యి చాపింది. "ఈ కాయలతో దిష్టి తియ్యమ్మా, అందరూ చూస్తా ఉండగా. దగ్గు రాకపోతే ఈ కళ్ళకి గంతలు కట్టుకుని బతుకుతా, మళ్ళీ ఏ పసిబిడ్డ మొహమూ చూడను" అనింది. గట్టిగా అనలా, పిండి జల్లెడ అడిగినట్టు అనింది. ఊరంతా గేదె దగ్గరికి పోయింది, సాయిబు ఆటో వదిలేసి ఆయనా వచ్చాడు. సీతారావమ్మ ఏడు కాయలూ గేదె చుట్టూ తిప్పింది, ఉమ్మింది, పొయ్యిలో వేసింది. ఏమైందంటే, ముందు సీతారావమ్మకే పొలమారింది. తర్వాత పావని కడుపు పట్టుకుని వీధిలోకి పరిగెత్తింది. ఆడాళ్ళందరికీ కళ్ళల్లో నీళ్ళు, ముక్కుల్లో నీళ్ళు, దూడ తుమ్మింది, గేదె పలుపు తెంపుకుంది. రంగనాయకులు మావైతే సందు చివర కూర్చుని ఉన్నాడు, అక్కడ కూడా ఆగకుండా దగ్గాడు. గురవమ్మ ఒక్కతే పొయ్యి పక్కన నిలబడి, కళ్ళు ఎర్రబడి నీళ్ళు కారతా ఉంటే తుడుచుకోకుండా చూస్తా ఉందంట. దిష్టి లేదు. ఏ కన్నూ పడలా. పాల సంగతంటారా, కొత్త తౌడు బస్తాకి పురుగు పట్టిందంట, బస్తా మార్చారు, పాలొచ్చినయ్యి. దాంట్లో కథేం లేదు.

అందరూ సంతోషపడ్డారనుకుంటారు. గురవమ్మ పడింది. సీతారావమ్మ మాత్రం మొహం కడుక్కుని అరుగు మీద కూర్చుని, "అంటే మా గేదె మీద ఎవరి కన్నూ పళ్ళేదంటారా" అనింది. అవును, పళ్ళేదన్నారు. "ఇంత పొదుగుండీ?" అనింది. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదంట.

పదిహేను రోజులకి పావనికి ఆడపిల్ల పుట్టింది. పొరుగూరి మనిషి సంగతి ఎవరూ ఎత్తలా, గురవమ్మే పోయి నీళ్ళు పోసింది. మిగతా మూడిళ్ళోళ్ళూ మళ్ళీ పిలిచారు, వాతం పెద్దమ్మ ఊరెళ్ళిపోయింది. పదకొండో రోజు నీళ్ళయ్యాక, చుట్టాలంతా కూర్చుని ఉండగా, మనవరాలికి దిష్టి తీస్తానని సీతారావమ్మ వంటింట్లోకి పోయింది. గూట్లో రెండు డబ్బాలున్నయ్యి. ఒకదాంట్లో సాయిబు సన్నకాయ, ఒకదాంట్లో ముడతకాయ. పావని చూస్తానే ఉంది. అత్త ఏ డబ్బా మూత తీసిందో నేను చెప్పక్కర్లేదు. బిడ్డ చుట్టూ తిప్పి నిప్పుల్లో వేసింది, కాయలు కమ్మగా కాలినయ్యి, ఎవరికీ దగ్గు రాలా. "చూశారా, నా మనవరాలికి ఎంత దిష్టో" అనింది సీతారావమ్మ. అక్కడున్న ఆడాళ్ళందరికీ ఆ కాయ సంగతి తెలుసు. అందరూ అవునమ్మా అన్నారు. గురవమ్మ కూడా అవునమ్మా అని, బిడ్డ అరికాలికి కాటుక చుక్క పెట్టింది.

మళ్ళీ వానలకి మెరకపాలెం ఆడాళ్ళు ఒక్కొక్కరే, ఒకరికి తెలియకుండా ఒకరు, బస్సెక్కి నర్సరీకి పోయారు. ముడతకాయ మొక్కలు కావాలన్నారు. బుల్లబ్బాయి మొక్కలకి కొత్త పుల్ల గుచ్చాడంట, 'దిష్టి మిర్చి' అని. ఆ నర్సరీలో ఏ రకమో తేలిన మొక్క అదొక్కటే. ఇప్పుడు ఊళ్ళో దిష్టి తగలని ఇల్లు లేదు. నవ్వమాకండి, మీ పెరళ్ళు నేను చూడకపోలేదు.

గురవమ్మ కూడా రెండు మొక్కలు తెచ్చుకుంది. ఆమెకి దిష్టి తీసేవాళ్ళెవరూ లేరు కదా, అందుకని పొద్దుగూకి ఇంటికొచ్చాక ఏడు కాయలు తన చుట్టూ తనే తిప్పుకుని పొయ్యిలో వేసిద్దంట. వాసన రాదు. అబ్బ, ఎంత దిష్టో అనుకుని అన్నం పెట్టుకుని తినిద్దంట. మావని లేపండి, అయిపోయింది.