దొర దాచుకున్న మాట

"తాత్తా, ఏన్ సిరిక్కిరీంగ?"

ఎందుకు నవ్వుతా ఉండానంటావా? నవ్వక ఏం చెయ్యమంటావ్ అమ్మణ్ణీ. మీ అమ్మ ఇప్పుడే వచ్చి చెప్పిపోయింది. "మామా, సాయంత్రం పెళ్ళికొడుకు వాళ్ళొస్తారు, విజయవాడ వాళ్ళు, మంచి తెలుగు మాట్లాడతారు. మీరు ఈడా ఆడా అనకుండా ఊరికే నవ్వితే చాలు" అనింది. అందుకే ఇప్పట్నుంచే నవ్వి చూసుకుంటా ఉండా. తాతల కాలం నుంచి ఈ అరవదేశంలో, ఈ రాయపురంలో తెలుగే మాట్లాడినాం, ఇప్పుడు మాకు తెలుగు రాదంట. సరి, పోనీ.

రికార్డు చేస్తా ఉండావా? చెయ్యి. నాకు ఆ స్కాట్లాండు దొర గుర్తొచ్చినాడు. హార్బరు పక్కన కంపెనీ, పేరెందుకులే ఇప్పుడు. నేను కొత్త గుమాస్తాని, ఇంకా పర్మనెంటు కాలా. ఆడ క్యాంటీన్లో కాఫీ పావలా... కాదు కాదు, ఇరవై పైసలు, పావలా తర్వాత చేసినారు. ఏం చెప్తా ఉండా? ఆఁ, దొరలు. ఇద్దరు. పెద్దాయనది అబర్డీను, చిన్నాయనది గ్లాస్గో. ఒకే దేశం, అయినా ఒకరి మాట ఒకరికి పడదు. 'ఏంది' అనేదానికి గ్లాస్గో ఆయన 'విట్' అంటాడు, అబర్డీనాయన 'ఫిట్' అంటాడు. బిడ్డల్ని ఈయన 'వేన్' అంటే ఆయన 'బేర్న్' అంటాడు. కాయితం మీద రాస్తే ఒక్కో మాటకి రెండు మూడు స్పెల్లింగులు, ఏదీ తప్పు కాదంట. మన నెల్లూరోళ్ళూ చిత్తూరోళ్ళూ పెళ్ళి పంక్తిలో వాదించుకుంటారే, అట్ట.

నాకేం తెలుసు, దొర నోట్లో వచ్చేదంతా ఇంగ్లీషే అనుకున్నా. పెద్దాయన పొద్దున్నే వస్తానే "ఫిట్ లైక్?" అంటాడు, ఎట్టుండావు అని. దాన్ని ఇంట్లో అద్దం ముందర నిలబడి నేర్చుకున్నా.

ఒకరోజు లండన్ నుంచి పెద్ద ఆఫీసరు వచ్చినాడు. ఆ పొద్దు చూడాల మన దొరల్ని. రేడియోలో వార్తలు చదివినట్టు మాట్లాడతా ఉండారు. ఒక్క ఫిట్టు లేదు, ఒక్క వేను లేదు. వాళ్ళ మాట వాళ్ళకే నామోషీ అని నాకెవరు చెప్పినారు? లండనాయన నా బల్ల కాడికి వచ్చినాడు. లేచి నిలబడి, "ఫిట్ లైక్, సర్?" అన్నా.

"ఇదేం భాష? ఈ మనిషికి ఇంగ్లీషే రానట్టుందే" అన్నాడు లండనాయన. ఉద్యోగం పోయిందిరా అనుకున్నా. ఇంట్లో మీ నాయన చంటిబిడ్డ. గ్లాస్గో ఆయన కిటికీలోంచి ఓడల్ని చూస్తా ఉండిపోయినాడు. పెద్దాయన మొహం కందగడ్డ అయిపోయింది. ఇతనెవరో నాకు తెలీదు అంటాడేమో అని నేను.

అనలా. ముందుకొచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. "నే బ్యాడ్" అన్నాడు, బాగానే ఉండా అని. అప్పుడు లండనాయన వైపుకి తిరిగి, "ఇది మా అమ్మ మాట. నా దగ్గరే నేర్చుకున్నాడు" అన్నాడు. ఆ పొద్దంతా ఇంక ఆయన అట్టనే మాట్లాడినాడు. లండనాయనకి సగం అర్థం కాలా, పావం, తల ఊపతా తిరిగినాడు. నాకు పర్మనెంటు అయింది.

ఇప్పుడు నాకు పోయే ఉద్యోగమేం లేదులే. నీ సంబంధానికి నా మాట అడ్డం కాకూడదు, అంతే. నువ్వు నన్ను అరవంలోనే అడుగుతావు, నేను తెలుగులోనే చెప్తా, అట్టే గడిచిపోయింది మనకి. ఉండేది చెప్తా, మీ అమ్మ అట్ట అనేసరికి బాధేసింది. సాయంత్రం లోపల రూములోనే ఉంటాలే, నీకు నామోషీ వద్దు.

ఏంది? ఇంకొకసారి చెప్పు.

"లోపలికి పోబాక తాతా. ఈడ నా పక్కన కూర్చో. వాళ్ళతో నువ్వే మాట్లాడాల."

ఈడ అన్నావా... సరి, సరి. నా జరీ పంచె యాడుందో చూడు. మీ అమ్మకి ఇప్పుడే చెప్పబాక, సాయంత్రం దాకా ఆమెని నిమ్మళంగా ఉండనీ. సల్లంగా ఉండు తల్లీ, నూరేళ్ళు సల్లంగా ఉండు.