నడుమల చుక్క

పెద్దపల్లి శివారులో, గొర్రెల మంద పక్కన ముసలి కాపరీ, కుక్కల జన్యువుల మీద పరిశోధన చేసే అమ్మాయీ ఆమె ల్యాప్‌టాప్ చూస్తున్నారు.

“ఒక్కో చుక్క ఒక్కో జీవం, తాతా. రక్తసంబంధం ఉన్నయి దగ్గర దగ్గర పడ్డయి. గీ గుంపు మీ మందల కుక్కలు. గా మూలకున్నయి తోడేళ్లు.”

“మరి మా ఎర్రోడు?”

“గిదిగో, నడుమల.”

“ఒక్కడే ఉన్నడేంది?”

“తల్లి కుక్కనే. తండ్రి తోడేలు.”

“వీని తల్లి ఎదకొచ్చిందని కట్టేసినం. తాడు తెంపుకొని గుట్టలకు పోయింది. వచ్చేసరికి బక్కచిక్కింది... గీ బొమ్మ అందరికి సూపెడ్తవా?”

“పొద్దుగూకంగ చూపెడ్తనని మాటిచ్చిన. పరీక్షకని అందరి కుక్కల నోట్ల చొల్లు తీసుకున్న గదా.”

“తోడేలు పిల్లని తెలిస్తే మంద కాడ ఉండనియ్యరు బిడ్డా. ఇంకో కుక్కను సాకే ఓపిక నాకు లేదు.”

“పేర్లు రాయలే, తాతా. అన్నీ చుక్కలే.”

“నడుమల ఒక్కటే ఉంటే అడుగరా?”

“అడిగితే చెప్పాలె. ఎర్రోడు గొర్రెను ఎన్నడన్న ముట్టిండా?”

“ఎన్నడు ముట్టలే. తోడేళ్లొస్తే ఎదురువోయి నిలవడ్తడు. అవి జరసేపు వీని వాసన చూస్తయి, మర్లిపోతయి. ఇన్నొద్దులు వీనికి భయపడే పోతున్నయని ఊరూరా చెప్పుకున్న.”